సీటు ఇచ్చారు సరే, చివరిదాకా దారి ఎవరిస్తారు?



అడ్మిషన్లు జరిగే రోజుల్లో మన గ్రూపుల్లో ఒకే రకం పోస్టులు కనపడతాయి. "మా కాలనీ నుంచి డిగ్రీలో చేరిన మొదటి అమ్మాయి." "మా వాడలో కాలేజీ మెట్లెక్కిన మొదటి కుర్రాడు." మనం లైకులు కొడతాం, షేర్ చేస్తాం, దండ వేసి ఫొటో దిగుతాం. మంచిదే. కానీ మూడేళ్ళ తర్వాత ఆ అమ్మాయి చేతికి డిగ్రీ వచ్చిందా, ఆ కుర్రాడు చివరి సెమిస్టర్ రాశాడా అని అడిగేవాళ్ళు ఎవరు? చేరినప్పటి ఫొటోలు వందొస్తే, పాసై బయటికొచ్చిన ఫొటోలు ఎన్నొస్తున్నాయి? మీ ఫోనులోనే వెతికి చూడండి.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన పోరాటం ఇన్నాళ్ళూ ఎక్కువగా గుమ్మం దగ్గర జరిగింది. సీటు కావాలి, హాస్టల్ కావాలి, స్కాలర్‌షిప్ కావాలి అన్నాం. అవి ఇంకా కావాలి. కానీ గుమ్మం దాటాక చివరిదాకా ఒక దారి ఉండాలి. ఆ దారి ఏటా మారకుండా నిలబడాలి. ఆ రెండో సంగతి మీద మనం గట్టిగా మాట్లాడటం లేదు.

ముందు లెక్క చూద్దాం. కేంద్రం వేసే ఉన్నత విద్య సర్వే 2021-22 ప్రకారం దేశం మొత్తం మీద 18 నుంచి 23 ఏళ్ళ వయసు జనాభాతో పోలిస్తే కాలేజీల్లో చేరినవాళ్ళు 100కి 28.4. ఎస్టీల్లో 21.2. ఇది చేరినవాళ్ళ లెక్క. ఇది కూడా తక్కువే, కానీ ఉంది, పేపర్లో వస్తుంది, మంత్రులు చదువుతారు. మరి మన కాలేజీలో చేరిన ఎస్టీ పిల్లల్లో రెండో ఏడాదికి ఎంతమంది వచ్చారు, చివరికి ఎంతమంది పాసయ్యారు అన్నది నోటీసు బోర్డు మీద పెట్టిన కాలేజీ మీకు కనపడిందా? లెక్క పెట్టని చోట నష్టం ఎవరి కంటికీ ఆనదు. మనవాళ్ళు మధ్యలో ఆగిపోతే అది కాలేజీ ఓటమి కింద రాదు, "వాళ్ళింతే, చదవరు" అనే మాట కింద పోతుంది.

ఇక దారి అంటే ఏంటో చెప్తాను. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. రెండేళ్ళ చదువు చెప్పే, ఫీజు తక్కువగా ఉండే ప్రభుత్వ కాలేజీలు. కూలీనాలీ చేసుకునే ఇళ్ళ పిల్లలు, నల్లజాతి పిల్లలు, మూలవాసుల పిల్లలు, వలస వచ్చినవాళ్ళ పిల్లలు ఎక్కువగా చేరేది వాటిల్లోనే. అక్కడ కూడా చేరేవాళ్ళు చాలామంది, పూర్తి చేసేవాళ్ళు తక్కువ. ఎందుకని చూస్తే, వందల కోర్సులు ముందు పరిచి "నీకేం కావాలో నువ్వే తేల్చుకో" అనడం ఒక పెద్ద కారణంగా తేలింది. ఇంట్లో చదువుకున్న అమ్మానాన్న ఉన్న పిల్లకి అది స్వేచ్ఛ. ఎవరూ లేని పిల్లకి అది అడవిలో వదిలేయడం. మనకి నిజం అడవైనా తెలుసు, ఆ అడవి తెలియదు.

థామస్ బెయిలీ, షానా స్మిత్ జాగర్స్, డేవిస్ జెంకిన్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2015లో ఒక పుస్తకం రాసి ఈ సంగతి విడమరిచి చెప్పారు. వాళ్ళు చెప్పింది సూటిగా ఇది: ఏ కోర్సు ఏ ఉద్యోగానికి, ఏ పై చదువుకి తీసుకెళ్తుందో మొదటి రోజే చూపించండి. దారిలో పెట్టండి. దారి తప్పుతున్నప్పుడే పట్టుకోండి. నిజంగా నేర్చుకుంటున్నారో లేదో చూడండి. ఈ పద్ధతి కోసం కాలిఫోర్నియా రాష్ట్రం 2017లో 15 కోట్ల డాలర్లు కేటాయించింది. అయితే ఆ డబ్బు ఒక్కసారి ఇచ్చి ఐదేళ్ళు వాడుకోమన్నది. ఐదేళ్ళ తర్వాత ఎలా అన్న ప్రశ్న అక్కడా వచ్చింది. మొదలుపెట్టడం తేలిక, నిలబెట్టడమే కష్టం.

నిలబెట్టిన చోటు కూడా ఉంది. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 2007లో ఆసాప్ అని ఒక కార్యక్రమం పెట్టింది. ఫీజులో మిగిలిన భాగం కట్టారు. బస్సుకీ మెట్రోకీ కార్డు ఇచ్చారు. పుస్తకాలకి సాయం చేశారు. ప్రతి విద్యార్థికీ ఒక సలహాదారుని పెట్టి, ఆయన్ని తరచూ కలిసి తీరాలన్నారు. ఇవన్నీ విడివిడిగా కాదు, ఒకేసారి, మూడేళ్ళపాటు. లాటరీ తీసినట్టు విద్యార్థుల్ని రెండు జట్లు చేసి పోల్చి చూస్తే, మూడేళ్ళలో డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు మామూలు జట్టులో 100కి 22 మంది, ఆసాప్ జట్టులో 40 మంది. ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీలు ఇదే పద్ధతి పెడితే అక్కడా దాదాపు రెట్టింపయ్యారు. ఒక్కో విద్యార్థి మీద ఖర్చు పెరిగింది. కానీ పాసైనవాళ్ళు పెరిగారు కాబట్టి న్యూయార్క్‌లో ఒక్కో డిగ్రీకి పడిన ఖర్చు తగ్గింది. "డబ్బుల్లేవు" అనే అధికారికి చెప్పాల్సిన మాట ఇదే. మధ్యలో ఆగిపోయే చదువే అన్నిటికంటే ఖరీదైన చదువు.

ఇప్పుడు మన ఊరి వైపు వద్దాం.

మాది వేమూరు వైపు. తెనాలి–రేపల్లె రైలు మార్గం. ఈ డెల్టాలో ఆదివాసీలు ఉన్నారా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. గిరిజనులు అనగానే పాడేరు, అరకు, భద్రాచలం గుర్తొస్తాయి. వరి చేలల్లో ఎలుకలు పట్టే యానాదులు, రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే కుటుంబాలు, బుట్టలల్లే, పందులు మేపే ఎరుకలవాళ్ళు గుర్తురారు. బాపట్ల పక్కన స్టువర్టుపురం పేరు మాత్రం అందరికీ తెలుసు, అదీ సినిమాల వల్ల. 1913 ప్రాంతంలో బ్రిటిష్ వాళ్ళు సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి ఎరుకల కుటుంబాల్ని అక్కడ కట్టడి చేశారు. పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన ఆ చట్టం 1952లో పోయింది. కానీ ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి చూపులో వచ్చే మార్పు పోయిందా? ఆ ఊరి పిల్లల్ని అడగండి.

మనం షెడ్యూల్డ్ ప్రాంతంలో లేం. యానాదుల కోసం నెల్లూరులో ఐటీడీఏ ఉంది. వేమూరు నుంచి అక్కడికెళ్ళి ఒక సంతకం కోసం నిలబడాలంటే రెండు రోజుల కూలి పోతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మన వేమూరు బాపట్ల జిల్లాలోకి వచ్చింది, మన పిల్లలు ఎక్కువగా చదివే తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కాలేజీ ఒక జిల్లా, కాగితం ఇచ్చే ఆఫీసు ఇంకో జిల్లా. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు ఖాతా, వీటిల్లో ఒక్క అక్షరం తేడా వచ్చినా స్కాలర్‌షిప్ ఆగుతుంది. చెరువు గట్టు మీద గుడిసెలో ఉండే కుటుంబానికి ఇంటి నంబరే లేకపోతే ఆధార్ ఎక్కడిది, ఆధార్ లేకపోతే మిగతావి ఎక్కడివి? కృష్ణమ్మ పొంగి గుడిసె మునిగితే మొదట పోయేవి కాగితాలే.

ఈ గుమ్మాలన్నీ దాటి కాలేజీలోకి వెళ్తారు కదా. అక్కడ ఏం జరుగుతుందో మా ఇంటి సంగతే చెప్తాను. మేం ముగ్గురం. నేను మూడు సబ్జెక్టుల బీఏ, తెలుగు మీడియం. 2015-16లో వచ్చిన సెమిస్టర్ పద్ధతిలో చదివాను. మా తమ్ముడు 2020లో చేరాడు. ఆ ఏడాదే డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్ అయ్యాయి. సిలబస్ మారింది, డిగ్రీ మొత్తం మీద 10 నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. వాడు చేరిన మరుసటి ఏడాదే డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లీషు మీడియం అన్నారు. మా చెల్లి 2023లో చేరింది. అప్పటికి మూడు సబ్జెక్టులు పోయి ఒక మేజర్, ఒక మైనర్ వచ్చాయి. ఒకే ఇంట్లో ముగ్గురు పిల్లలు, మూడు రకాల రూలు పుస్తకాలు. పెద్దవాడిగా నేను దాటొచ్చిన దారి తమ్ముడికి చూపిద్దామంటే ఆ దారి లేదు. తమ్ముడు నేర్చుకున్నది చెల్లికి చెబుదామంటే అదీ మారింది.

మార్పులు చెడ్డవని నేను అనడం లేదు. ఇంటర్న్‌షిప్ మంచి ఆలోచన. ఒక సబ్జెక్టు లోతుగా చదవడం మంచిదే. కానీ ఒక్కసారి ఆలోచించండి. లెక్చరర్ల ఇళ్ళ పిల్లలకి, ఉద్యోగుల పిల్లలకి రూలు మారితే ఇంట్లో ఎవరో ఒకరు చదివి చెప్తారు. మనకి ఎవరు చెప్తారు? మన ఇళ్ళల్లో మొదటి తరం చదువుకి ఉన్న ఒకే ఒక్క ఆస్తి, ముందు వెళ్ళినవాడి అనుభవం. అన్న నడిచిన బాట మీద చెల్లి నడవడం. రూలు మార్చిన ప్రతిసారీ ఆ ఆస్తి చిత్తు కాగితం అవుతుంది. ఈ నష్టం ఏ బడ్జెట్‌లోనూ కనపడదు.

పైగా ఇంటర్న్‌షిప్ సంగతి. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్. బాగుంది. కానీ మన పిల్లలకి వేసవి సెలవులంటే సెలవులు కావు. ఆ రెండు నెలల కూలి డబ్బులతోనే వచ్చే ఏడాది పుస్తకాలు, బస్సు చార్జీలు గడవాలి. జీతం లేని ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే కూలి పోతుంది, కూలికి వెళ్తే క్రెడిట్లు పోతాయి. అప్పుడు పిల్లలు ఏం చేస్తారు? ఎవరో తయారు చేసి అమ్మే ప్రాజెక్టు రిపోర్టు కొనుక్కొచ్చి ఇస్తారు. సంస్కరణ కాగితం మీద పూర్తయింది, నేర్చుకున్నది సున్నా.

ఇంకోటి. 2020 జాతీయ విద్యా విధానంలో ఒక ఏడాది చదివి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్ళకి డిప్లొమా, మూడేళ్ళకి డిగ్రీ, నాలుగేళ్ళకి ఆనర్స్ అన్నారు. క్రెడిట్లు దాచుకోవడానికి 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టారు. మళ్ళీ వచ్చి చేరొచ్చన్నారు. వినడానికి మనకోసమే పెట్టినట్టుంది. కానీ ఏడాదికే బయటికి వెళ్ళే అవసరం ఎవరికి వస్తుంది? ఫీజు రానివాడికి, ఇంట్లో నాన్నకి జబ్బు చేసినవాడికి. అంటే మనకే. బయటికి తలుపు పెద్దగా తెరిచి, లోపలికి రమ్మనే తలుపు సందులాగా ఉంచితే, చదువు మానేసినవాడి చేతికి ఒక సర్టిఫికెట్ ఇచ్చి పంపించడమే అవుతుంది. వెళ్ళినవాళ్ళని ఎవరు వెతికి మళ్ళీ తీసుకొస్తారు? ఏ ఆఫీసు పని అది? ఆ పని ఎవరిదో రాయనంతవరకు ఆ తలుపు గోడ మీద గీసిన బొమ్మే.

మన దేశంలో ఇలా మొదలై ఆగినవి కొత్తేమీ కాదు. కమ్యూనిటీ కాలేజీలు మన దగ్గరా పెట్టారు. 1995లో పాండిచ్చేరిలో మొదలయ్యాయి. ఇగ్నో 2009లో దేశమంతా ఒక పథకం పెట్టి, కొన్నేళ్ళకే ఆపేసింది. తర్వాత యూజీసీ 12వ పంచవర్ష ప్రణాళికలో మళ్ళీ మొదలుపెట్టింది. ఆ ప్రణాళిక 2017లో ముగిసింది, దాంతో పంచవర్ష ప్రణాళికలే ముగిశాయి. స్థానికంగా పని నేర్పి, అక్కడి నుంచి పై చదువుకి నిచ్చెన వేస్తామన్న ఆలోచన ఎంత మంచిదైనా, దాని ప్రాణం ఒక పథకం గడువుకి కట్టేస్తే అంతే.

ఫీజుల సంగతి చూడండి. ఒక ప్రభుత్వం తల్లి ఖాతాలో వేస్తానంటుంది, ఇంకో ప్రభుత్వం కాలేజీ ఖాతాలో వేస్తానంటుంది. పథకానికి పేరు మారుతుంది, ఫొటో మారుతుంది. మధ్యలో బకాయి పడిన నెలలు మాత్రం ఏ ప్రభుత్వంలోనూ మారవు. బకాయి సర్కారుది, టీసీ ఆపేది మాత్రం పిల్లవాడిది. సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉంటే వాడు పీజీకి ఎలా వెళ్తాడు, ఉద్యోగానికి ఎలా వెళ్తాడు?

దారి చివర కూడా ఇంతే. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. అది మన మైదానానికి వర్తించేది కాదు. అయినా అది ఏం చేసిందో చూడండి. పదో తరగతి చదివే కోయ పిల్లకి, "ఇంటర్ చెయ్, టీచర్ ట్రైనింగ్ చెయ్, మన ఊరి బళ్ళోనే పాఠం చెప్పొచ్చు" అనే సూటి దారి చూపించింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 20 ఏళ్ళుగా కళ్ళముందున్న గమ్యం ఒక్క రోజులో పోయింది. చివర ఏముందో తెలియని దారిలో ఏ పిల్లయినా ఎంతదూరం నడుస్తుంది?

కొంతమంది మిత్రులు అంటారు, "రిజర్వేషన్ ఉంది, స్కాలర్‌షిప్ ఉంది, ఇంకా ప్రత్యేకంగా ఏం కావాలి, కష్టపడి చదువుకోవాలి" అని. కష్టం సంగతి మనకి చెప్పక్కర్లేదు. రిజర్వేషన్ సీటు ఇస్తుంది, చెయ్యి పట్టుకుని నడిపించదు. న్యూయార్క్ లెక్కలు చెప్పేదీ అదే. అక్కడ రెండు జట్ల పిల్లలూ ఒకే రకం పిల్లలు, ఒకే కష్టం. తేడా దారిలోనే ఉంది. ఇంకొంతమంది, "కాలం మారుతుంటే రూలు మారకుండా ఎలా" అంటారు. మార్చండి. కానీ ఇల్లు బాగుచేసేటప్పుడు లోపలున్నవాళ్ళని రోడ్డు మీద పెట్టి బాగుచేయరు కదా.

అందుకే మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం.

ఒకటి. ఏ రూలు కింద చేరామో, ఆ రూలు కిందే డిగ్రీ పూర్తి చేసే హక్కు, బ్యాక్‌లాగులతో సహా, రాతపూర్వకంగా ఇవ్వాలి. రెండు. ప్రతి డిగ్రీ కాలేజీలో ఎస్టీ విద్యార్థులకి ఒక మార్గదర్శి లెక్చరర్ ఉండాలి. అది ఆయన మంచితనం మీద నడిచే పని కాకూడదు, ఆయన పని గంటల్లో లెక్క రావాలి. మూడు. ఫీజుకీ మెస్ డబ్బులకీ తేదీ ఉండాలి. ఆ తేదీ తప్పినా ఏ విద్యార్థి సర్టిఫికెట్లూ ఆపకూడదు. నాలుగు. ఇంటర్న్‌షిప్‌కి స్టైపెండ్ ఇవ్వాలి, ఇంటికి దగ్గర్లో చోటు చూపించాలి. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కాలేజీ ఉంది, చుట్టూ రొయ్యల పరిశ్రమ ఉంది. మన పిల్లలకి పుట్టుకతో తెలిసిన నీటి, నేల విద్యకి అక్కడ క్రెడిట్ ఎందుకు రాకూడదు? ఐదు. చేరినవాళ్ళు, రెండో ఏడాదికి వచ్చినవాళ్ళు, పాసైనవాళ్ళు, ఈ మూడు అంకెలూ ఎస్టీల వారీగా ప్రతి కాలేజీ ఏటా గోడ మీద రాయాలి. ఆరు. ఆగిపోయినవాళ్ళని వెతికి తెచ్చే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాయాలి.

అడుగుతూ కూర్చోవద్దు, మన వైపు నుంచి చేయాల్సిందీ ఉంది. ప్రతి కాలనీలో డిగ్రీ చదివినవాళ్ళు ఒక్కరున్నా సరే, ఇంటర్ పాసైన పిల్లల్ని కూర్చోబెట్టి ఆప్షన్లు పెట్టించండి. నెట్ సెంటర్ వాడు తనకి తోచింది నొక్కి పంపేస్తే మూడేళ్ళు ఆ పిల్ల అనుభవించాలి. కాగితాలన్నీ ఫొటో తీసి డిజిలాకర్‌లో పెట్టించండి. మొదటి సెమిస్టర్ ఫెయిలైన పిల్లవాడి ఇంటికి వారం లోపల వెళ్ళండి. ఆ వారంలో ఎవరూ వెళ్ళకపోతే వాడు తర్వాత రొయ్యల చెరువు మీదే కనపడతాడు. పైన చెప్పిన మూడు అంకెలూ సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో చెప్పాలి. తెనాలి, రేపల్లె, బాపట్ల కాలేజీల లెక్కలు మన చేతికొస్తే, కలెక్టరు ముందు మనం కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు, కాగితం పెడితే చాలు.

అమెరికాలో నవాహో తెగవాళ్ళు 1968లో సొంత కాలేజీ పెట్టుకున్నారు. ఒక తెగ తన చేతుల్లో నడుపుకున్న మొదటి కాలేజీ అది. కమ్యూనిటీ కాలేజీగా మొదలై ఇవాళ డీనే కాలేజీ పేరుతో నడుస్తోంది. యాభై ఏళ్ళు దాటినా ఎందుకు నిలబడింది? ఆ కాలేజీ ఎవరికోసమో వాళ్ళే దానికి కాపలా ఉన్నారు కాబట్టి. ప్రభుత్వాలు మారతాయి, వైస్ ఛాన్సలర్లు మారతారు, పథకాల పేర్లు మారతాయి. మారకుండా ఉండేది మన కాలనీ, మన పిల్లలు.

కాబట్టి ఈసారి చేరినవాళ్ళ ఫొటో పెట్టేటప్పుడు కింద ఒక్క లైను రాయండి. ఏ ఏడాదికి పూర్తి కావాలో ఆ ఏడాది రాయండి. ఆ ఏడాది వచ్చినప్పుడు మనమే అడుగుదాం. రాకపోతే ఎక్కడ ఆగిందో వెతుకుదాం, ఆపినవాళ్ళని నిలదీద్దాం.

జోహార్. జై ఆదివాసీ.